అల్లుడుగారి మర్యాదలు

మాకు ఇద్దరూ కొడుకులే. అల్లుడికి మర్యాదలు చేసే ముచ్చట తీరలేదని మా ఆయన అప్పుడప్పుడూ అంటూ ఉండేవారు. నాకు యాభై దాటాక ఆ ముచ్చట తీరింది. అయితే అల్లుడు పెళ్ళిపందిట్లోంచి రాలేదు. విశాఖపట్నంలో ఒక ఆపరేషన్ థియేటర్లోంచి వచ్చాడు.

నాకు పెద్దపేగు చివర కేన్సర్ వచ్చింది. డాక్టర్లు ఆ భాగమంతా తీసేసి, మిగిలిన పేగు కొసను పొట్టమీద ఎడమపక్కకు తెచ్చి కుట్టారు. ఇక జీవితాంతం మలం వచ్చే దారి అదే. దానిమీద ఒక సంచి అంటించుకోవాలి, నిండుతున్నప్పుడల్లా ఖాళీ చేసుకోవాలి. ఆ కొసను ఆసుపత్రిలో స్టోమా అంటారు. పండిన టమాటాను సగానికి కోసి బోర్లించినట్టు ఎర్రగా, తడిగా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి ఉండదు. మన మాట మాత్రం వినదు. గాలి ఎప్పుడు వదలాలో, ఎంత రాగంతో వదలాలో అదే నిర్ణయించుకుంటుంది.

మొదటి వారం దాన్ని చూడ్డానికే నాకు ధైర్యం చాలలేదు. సంచి మార్చడం నేర్పిన నర్సు, "దీనికో ముద్దుపేరు పెట్టుకోండి మేడమ్, తొందరగా అలవాటవుతుంది" అంది. మా ఆయన సాలూరులో లారీల రిపేరు షెడ్డు నడిపిన మనిషి. మంచం పక్కన స్టూలుమీద కూర్చుని ఆ సంగతి చాలా శ్రద్ధగా ఆలోచించారు. అంతలో పొట్టమీదినుంచి చప్పుడు వచ్చింది. చిన్న హారన్ లాంటిది.

"ఇంకేటీ, అల్లుడే" అన్నారు. "పిలవకుండా మాటాడతాడు. ఏటి పెట్టినా వొంకలెడతాడు. ఎవులమూ ఏటీ అనలేం. అల్లుడు గాకపోతే మరెవుడు?"

కుట్లు లాగుతున్నా నవ్వాను. ఆపరేషన్ తర్వాత నేను నవ్వడం అదే మొదలు. పేరు అలా స్థిరపడిపోయింది.

నేను శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్తాను. సెలవు అయిపోయాక మళ్ళీ బడికి వెళ్ళిన రోజు, తొమ్మిదో తరగతికి నదుల పాఠం చెప్తున్నాను. నాగావళి ఎక్కడ పుట్టిందో అడిగి, జవాబు కోసం ఆగాను. అల్లుడు జవాబు చెప్పాడు. వెనక బెంచీవాళ్ళు ఒకరినొకరు కొట్టుకోవడం మొదలుపెట్టారు. నేరం వెనక బెంచీది కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. వంశధారకు వెళ్ళిపోయాను.

రెండేళ్ళపాటు కొన్ని నెలలకోసారి విశాఖపట్నం వెళ్ళి చూపించుకున్నాం. ఆ ప్రయాణాలంటే మా ఆయనకు ఇష్టం. డ్యూటీలా ఉండేది, దారిలో రెండు చోట్ల టిఫినూ ఉండేది. చివరిసారి రిపోర్టులన్నీ చూసి డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలారు.

"అంతా బాగుందమ్మా. ఇకనుంచి ప్రతిసారీ ఇంత దూరం రానక్కర్లేదు. రక్తపరీక్ష శ్రీకాకుళంలోనే చేయించి రిపోర్టు ఫోన్లో పంపండి. ఏడాదికోసారి స్కానింగ్‌కి రండి. మధ్యలో మీ ఒంట్లో ఏ తేడా కనిపించినా మీరే మా నర్సుకి ఫోన్ చేయండి. రక్తం పడినా, బరువు తగ్గుతున్నా, నొప్పి వచ్చినా, సంచిలోకి ఏమీ రాకపోయినా. ఆలస్యం లేకుండా చూస్తాం. మీ ఒంటి సంగతి మాకన్నా మీకే ముందు తెలుస్తుంది."

నాకు చాలా సంతోషంగా అనిపించింది. బయటికి వచ్చాక చూస్తే మా ఆయన మొహం వాడిపోయి ఉంది.

"మనల్ని ఒగ్గీసినారేటే?" అన్నారు.

"వదిలెయ్యలేదండి. నా ఒళ్ళు నాకప్పజెప్పినారు."

కాసేపు ఆలోచించారు. "నీకప్పజెప్తే నాకప్పజెప్పినట్టే గదా" అన్నారు. ఆయన మొహంలోకి వెలుగు తిరిగి వచ్చింది. నాకు భయం వేసింది.

ముందుగా బరువు సంగతి పట్టుకున్నారు. మెడికల్ షాపులో ఉండే కాటాలమీద ఆయనకు నమ్మకం లేదు. "అయ్యి ఆటబొమ్మలు" అన్నారు. షెడ్డు పనిమీద సాలూరు వెళ్ళినప్పుడు నన్నూ తీసుకెళ్ళి, తిన్నగా లారీల కాటా దగ్గర ఆపారు. సరుకుతో సహా లారీని తూచే కాటా అది. దానిమీద నన్ను నడిపించి, సరిగ్గా మధ్యలో నిలబడమన్నారు. వెనక ఒక లారీ వచ్చి ఆగింది.

కాటా గదిలో మనిషి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "బండేదండీ?"

"బండి నేదు. మా ఆడమనిషి."

"లోడేటి?"

"లోడూ ఆవిడే. తూసీ బేగి."

అరవై అని చూపించింది. మా ఆయన చీటీ కావాలని పట్టుబట్టారు. ఆ చీటీలో బండి నంబరు గడి ఖాళీగా ఉంది. సరుకు దగ్గర 'ఇతరములు' అని ఉంది. తర్వాతి నెల మళ్ళీ తీసుకెళ్ళారు. ఈసారి డెబ్బై. మా ఆయన ఆనందం పట్టలేక వెనక లారీ డ్రైవరుకు కూడా టీ ఇప్పించారు. ఆ కాటా పదులలోనే లెక్కపెడుతుందనీ, నా భుజాన ఉన్న సంచిలో అరటిపళ్ళు ఉన్నాయనీ ఇంటికొచ్చాక చెప్పాను.

"పళ్ళు ఎలాగూ నువ్వే తింటావు గదా" అన్నారు. ఆయన లెక్కలో అవి నా బరువులోకే వస్తాయి.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. నర్సు నంబరు ఆయన తన ఫోన్లో అందరికన్నా పైన పెట్టుకున్నారు. నేను తుమ్మితే ఫోన్. పగలు పడుకుంటే ఫోన్. ఒక ఆదివారం పొద్దున్న నేను వంటింట్లో ఉండగా ఆయన వరండాలో గట్టిగా మాట్లాడుతున్నారు. ఆయనకు చెవి కాస్త మందం కావడంతో ఫోన్ ఎప్పుడూ స్పీకరులోనే పెడతారు.

"మా అల్లుడు పొద్దున్నించీ ఉలకడు పలకడమ్మా."

"ఎవరండీ?" అంది నర్సు.

"అల్లుడమ్మా. రాత్రి సికెను పెట్టినాము. అప్పుడు బాగానే ఉన్నాడు. తెల్లారి సూస్తే ముడుసుకుపోయున్నాడు."

"అయ్యో. ఆయన్ని దగ్గర్లో డాక్టరుకి చూపించండి సార్. ఇది ఆపరేషన్ అయిన పేషెంట్ల నంబరు."

"పేషెంటు మా ఆవిడే గదమ్మా. అల్లుడు ఆవిడ పొట్టమీద ఉంటాడు."

నేను చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చి ఫోన్ లాక్కున్నాను. అల్లుడెవరో చెప్పాను. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక ఫోన్ పక్కన పెట్టేసింది. మళ్ళీ వచ్చాక మాత్రం గొంతు మారిపోయింది. పొట్ట ఉబ్బిందా, నొప్పి ఉందా, వాంతి వచ్చేలా ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. ఏమీ లేవన్నాను. నీళ్ళు బాగా తాగి కాసేపు నడవమంది. నొప్పిగాని వాంతిగాని మొదలైతే ఆగకుండా బయల్దేరి రమ్మంది. చివర్లో ఇంకో మాట చెప్పింది.

"ఇకనుంచి ఫోన్ మీరే చేయండి మేడమ్. మీ ఒంట్లో ఎలా ఉందో సార్ చెప్తే నాకు అర్థం కావడం లేదు."

మా ఆయన ఆ మాట విన్నారు. వీధి చివరిదాకా నాతో నడిచి వచ్చారు, కానీ రెండడుగులు వెనకే ఉండిపోయారు. తిరిగి వస్తుండగా అల్లుడు నోరు విప్పాడు. గేటు తీస్తున్న మా ఆయన ఆగి, "దిగొచ్చినాడు" అన్నారు. కోపం ఇద్దరికీ ఒకేసారి తీరింది.

నేను ఒంటరిగా ఫోన్ చేయాల్సిన రోజు కూడా వచ్చింది. ఒక సాయంత్రం బడినుంచి వచ్చి సంచి ఖాళీ చేసుకుందామని చూస్తే, లోపలంతా ఎరుపు. మా ఆయన బజారుకు వెళ్ళారు. బాత్‌రూమ్ గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆపరేషన్‌కు ముందు రోజులన్నీ కళ్ళముందు తిరిగాయి. ఒక్క నిమిషం ఎవరికీ చెప్పకూడదనే అనిపించింది. చెప్పకపోతే అది నిజం కాదన్నట్టు. తర్వాత, డాక్టరుగారు నాకప్పజెప్పింది దీన్నే కదా అనిపించి, ఫోన్ తీశాను.

నర్సు అంతా విని, "నిన్నా ఇవాళా ఏం తిన్నారు మేడమ్?" అంది.

చెప్పడం మొదలుపెట్టాను. ఇడ్లీ, పప్పు, మజ్జిగ. అక్కడ ఆగిపోయాను. ముందురోజు సాయంత్రం మా ఆయన, ఒంట్లో రక్తం పడుతుందని ఎవరో చెప్తే, మూకుడు నిండా బీట్‌రూట్ హల్వా చేశారు. ఆయన ఎదురుగా కూర్చుని తినిపిస్తుంటే కాదనలేక రెండు గిన్నెలు తిన్నాను.

"బీట్‌రూట్" అన్నాను.

ఈసారి ఆమె నవ్వలేదు. రెండు రోజులు బీట్‌రూట్ ఆపి చూడమంది, అప్పటికీ ఎర్రగానే ఉంటే తనకు చెప్పమంది. ఇలాంటివాటికి ఫోన్ చేయడానికి మొహమాటపడొద్దని కూడా చెప్పింది. ఫోన్ పెట్టాక నేను స్నానాల పీటమీద కూర్చుని ఏడ్చి, తర్వాత నవ్వాను. ఏది ముందు ఆగిందో గుర్తులేదు.

మా ఆయన కూరగాయల సంచితో వచ్చారు. "ఏటయినాది?"

"మీ హల్వా."

జరిగింది చెప్పాను. భయపెట్టినందుకు నొచ్చుకుంటారనుకున్నాను. హల్వాను అవమానించినందుకు నొచ్చుకున్నారు. మిగిలినదంతా పారేయడం ఇష్టంలేక ఒక్కరే కూర్చుని తినేశారు. మర్నాడు పొద్దున్న బాత్‌రూమ్‌లోంచి తెల్లబోయిన మొహంతో వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డారు.

"ఏటే, నాకూ వొచ్చీసినాది."

ఆ నర్సుకు ఫోన్ చేయనివ్వకుండా ఆయన చేతులు పట్టుకోవాల్సి వచ్చింది.

ఇక చర్చి సంగతి. మాది తాతల నాటినుంచి బాప్టిస్టు చర్చి. ఆరాధనలో ఒకచోట అందరూ కళ్ళు మూసుకుని మౌనంగా ప్రార్థించుకోవాలి. ఆ సమయంలో సూది పడినా వినిపిస్తుంది. ఒక ఆదివారం నా దగ్గర పడింది సూది కాదు. అల్లుడు సన్నగా మొదలుపెట్టి, పైస్థాయికి వెళ్ళి, అక్కడ కాస్త నిలిచి, మెల్లగా దిగాడు. నేను బైబిలు పొట్టకు అదుముకున్నాను. గొంతు మారింది గానీ పాట ఆగలేదు.

అటువైపు మగవాళ్ళ వరసల్లోంచి మా ఆయన లేచి నిలబడ్డారు.

"పాస్టరుగారూ, సెమించండి. రాత్రి సెనగలు తిన్నాను" అన్నారు.

చప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి వచ్చింది, క్షమాపణ మగవాళ్ళ వైపునుంచి వచ్చింది. అయినా కళ్ళు మూసుకున్నవాళ్ళెవరూ దిక్కులు పట్టించుకోలేదు. పాస్టరుగారు "పర్వాలేదు, కూర్చోండి" అని ప్రార్థన కొనసాగించారు. బయటికి వచ్చాక పెద్దావిడలంతా మా ఆయన చుట్టూ చేరారు. ఒకావిడ వాము నమలమంది. ఇంకొకావిడ ఇంగువ నీళ్ళు తాగమంది. మర్నాడు మా ఇంటికి జీలకర్ర కషాయం ఫ్లాస్కులో వచ్చింది. ఆయన అవన్నీ బుద్ధిగా తాగారు.

అసలు కష్టం ప్రేమవిందులో వచ్చింది. చర్చిలో అందరం కలిసి భోంచేసే రోజు అది. సెనగల కూర అంటే మా ఆయనకు ప్రాణం. వడ్డించే ఆవిడ అందరికీ వేస్తూ వచ్చి, ఆయన విస్తరి దగ్గర గరిటె వెనక్కి తీసుకుంది. "మీకొద్దు బాబూ" అని పక్కకు వెళ్ళిపోయింది. ఆయన ఉత్తి అన్నంవైపు చూసి, నావైపు చూసి, చారు పోసుకున్నారు. ఆ తర్వాత విందులోనూ అంతే.

నాకు ఇక ఓర్పు లేకపోయింది. ఆ వారం స్త్రీల సమాజం కూటంలో లేచి, ఆ రోజు చప్పుడు మా ఆయనది కాదు, నాది అని చెప్పాను. నాకు ఆపరేషన్ అయిన సంగతి అందరికీ తెలుసు గానీ పొట్టమీద సంచి ఉందని ఎవరికీ చెప్పలేదు. అదీ చెప్పాను. అది ఎలా పనిచేస్తుందో, ఎందుకు నా మాట వినదో చెప్పాను.

చివరికి వడ్డించే ఆవిడ అడిగింది. "అయితే బాబుకి సెనగలు ఎయ్యొచ్చేటమ్మా?"

"ఎయ్యండి" అన్నాను.

కూటం అయ్యాక ఒకామె నా వెనకే గేటుదాకా వచ్చింది. వాళ్ళ నాన్నది పాతపట్నం. వరి పండించే రైతు. ఆయనకూ ఇదే ఆపరేషన్ అయింది, ఇలాంటి సంచే ఉంది. అప్పటినుంచి ఇల్లు దాటలేదు.

"వెనక గదిలో కూకుంటాడమ్మా. భోజనానికీ రాడు. ఎవులైనా వొస్తే తలుపేసుకుంటాడు. కంపు కొడతన్నానని అంటాడు. నువ్వొకసారి వొచ్చి మాటాడవా?"

సెలవురోజు చూసుకుని నేనూ మా ఆయనా బస్సెక్కి పాతపట్నం వెళ్ళాం. ఆమె ముందే వచ్చి ఉంది. వెనక గది తలుపు మూసే ఉంది.

"నాన్నా, మేస్టరమ్మ వొచ్చినారు" అని పిలిచింది.

"నాను రమ్మన్నేదు" అని లోపలినుంచి జవాబు.

నేను నాకు తెలిసినవి తలుపుతో చెప్పడం మొదలుపెట్టాను. బడికి వెళ్తున్నాననీ, బస్సెక్కుతున్నాననీ, అన్నీ తింటున్నాననీ, సంచి కింద ఉన్నదానికి అల్లుడని పేరు పెట్టుకున్నామనీ. తలుపు ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దంలో మా అల్లుడు, బస్సు కుదుపులకు అలిసి ఉన్నాడేమో, గట్టిగా ఒక మాట అన్నాడు. క్షణం ఆగి, తలుపు అవతలినుంచి అదే శృతిలో ఇంకో చప్పుడు వచ్చింది.

మా ఆయన తలుపు దగ్గరికి వెళ్ళారు. "తోడల్లుళ్ళు పలకరించుకున్నారు మావా. ఇక మనం కూడా పలకరించుకుంటే బాగుంటాది."

లోపల ముందు దగ్గులా వినిపించింది. తర్వాత అది నవ్వని తెలిసింది. గడియ తీసిన శబ్దం వచ్చింది.

ఆయన పొడుగాటి మనిషి. లుంగీ పైకి కట్టుకుని, భుజంమీది తువ్వాలును పొట్టకు అడ్డంగా పట్టుకుని నిలబడ్డారు. చర్మం మండుతోందనీ, సంచి పక్కలనుంచి కారుతోందనీ మా ఆయనతో మెల్లగా చెప్పారు. సంచికి ఉండే అంటు బిళ్ళకు మధ్యలో రంధ్రం కత్తిరించుకోవాలి. ఆయన ఉజ్జాయింపుగా, వదులుగా ఉంటే మంచిదని పెద్దది కత్తిరిస్తున్నారు. కారడానికీ మంటకూ కారణం అదేనని నాకనిపించింది. మొదట్లో నాకూ అలాగే అయింది.

ఎలా అంటించాలో చూపించాలి. ఆయన పొట్టమీద నేను చూపించడం ఆయనకు సిగ్గు. నా పొట్ట చూపించడం నాకు సిగ్గు. ఇద్దరం ఒకేసారి మా ఆయనవైపు చూశాం.

"నానా?" అన్నారు మా ఆయన.

చొక్కా విప్పించి బల్లమీద పడుకోబెట్టాం. పేపర్లు దిద్దే నా ఎర్ర పెన్నుతో ఆయన పొట్టమీద ఒక దొంగ అల్లుణ్ణి గీశాను. కొలత తీయడం, కొలతకు సరిపడా కత్తిరించడం, చర్మం కడిగి పూర్తిగా ఆరనివ్వడం, అంటించాక అరచెయ్యి వేసి వెచ్చగా కాసేపు అదిమి ఉంచడం చూపించాను. అరచెయ్యి వేసే పని ఆ పెద్దాయనే చేశారు. ఇద్దరూ పైకప్పు చూస్తూ, ఆ ఏడాది వానల గురించి మాట్లాడుకున్నారు.

తర్వాత ఆయన తన గదిలోకి వెళ్ళి తనది తనే మార్చుకుని వచ్చారు. ఆయన ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి చీటీమీద కూడా ఒక నర్సు నంబరు ఉంది. ఒక్కసారీ ఫోన్ చేయలేదట. అప్పుడు చేయించాం. చర్మం మంటకు ఏం రాయాలో ఆమె చెప్పింది, వారంలో తగ్గకపోతే వచ్చి చూపించమంది. ఆయన గొంతు సవరించుకుని ఇంకో ప్రశ్న అడిగారు.

"గట్టుమీద నడవొచ్చేటమ్మా?"

నడవొచ్చంది. బరువులు మాత్రం ఎత్తొద్దంది. ఆయన ఫోన్ కూతురికిచ్చి మొహం గోడవైపు తిప్పుకున్నారు.

మా ఆయన పొట్టమీది సంచి తీయడం ఆ రోజు జరిగిన ఒకే ఒక్క దుర్ఘటన. నా చర్మంమీద రోమాలు లేవు కాబట్టి నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆయన అరుపుకు పక్కింటివాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆపరేషన్ ఎవరికైందని వాళ్ళకు ఇప్పటికీ అనుమానమే.

మేం బయల్దేరుతుంటే పెద్దాయన చెప్పులు వెతుక్కున్నారు. అవి ఎక్కడో అటకమీద ఉన్నాయి. కూతురు దుమ్ము దులిపి ఇచ్చింది. బస్సుదాకా వస్తానన్నారు. మెల్లగా నడిచాం. బస్సులు ఆగే చోట టీ కొట్టు దగ్గర ఎవరో ఆయన్ని గుర్తుపట్టి, "ఏటి మావా, ఇన్నాళ్ళు ఎటెల్లిపోనావు?" అని అడిగారు.

"ఎటూ ఎల్నేదు. ఇంటికాడే ఉన్నాను" అని ఆయన బల్లమీద కూర్చున్నారు. నాలుగు టీలు చెప్పారు. ఏడాదిగా మాట్లాడనివన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. విత్తనాలు, కాలవ నీళ్ళు, పక్క పొలంవాడితో గట్టు తగాదా. మా ఆయన మధ్యలో అడ్డం తగిలి వేరే తగాదా చెప్పారు. శ్రీకాకుళం బస్సు వచ్చి, మమ్మల్ని చూసి ఒకసారి హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. మా ఇద్దరిలో ఎవరూ లేవలేదు. పెద్దాయన కొట్టువాడికి గ్లాసు చూపించి మరో విడత టీ పోయమన్నారు.